షాంఘైలో సర్వదర్శనం లైను

నాకూ ధైర్యమున్న రోజులు కొన్ని ఉండేవంటే మా ఇంట్లో ఇప్పుడెవరూ నమ్మరు. మా పాప వాకిట్లో మెట్లు దిగుతుంటే రెండు చేతులూ చాచి కింద నిలబడే మనిషిని నేను (మెట్లు మూడే). అలాంటిదాన్ని, పెళ్లికి ముందు, సూళ్లూరుపేట దగ్గర సెల్‌ఫోన్ విడిభాగాలు తయారుచేసే కంపెనీలో చేరిన మొదటి ఏడాదే, పదిరోజుల శిక్షణకని షాంఘై వెళ్లొచ్చాను. వెళ్లేముందు ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. నగరిలో ఉండే మా మేనత్త పనిగట్టుకుని తిరుపతిలో మా ఇంటికి వచ్చి, "ఆడ అన్నం పుల్లలతో తింటారంట కదరా! పిల్ల ఎండిపోయి వస్తాది సూడు!" అని మా నాయన మీద పడింది. ఎన్నడూ అక్కకు ఎదురు చెప్పని మా నాయన ఆ రోజు మాత్రం, "పోయిరానీ అక్కా. పెద్ద టవరెక్కి ఊరంతా సూసి వస్తాది" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పైకెక్కి ఒక ఫోటో దిగల్లమ్మా. అది సూపిస్తేనే మీ అత్త నోరు మూసేది. లేకుంటే ఇంగ నిన్ను యాడికీ పోనీదు" అన్నాడు. ఆర్నెల్లలో ఇంకో శిక్షణ ఉంది. అంటే నా ఉద్యోగం మొత్తం ఆ టవరు కొసన కూర్చుందన్నమాట.

ఊరు చూడటానికి మాకు దొరికింది ఒక్క ఆదివారం, అందులోనూ మూడే గంటలు. చూడాల్సినవన్నీ కాగితం మీద రాసుకున్నాను: పాత తోట, దాంట్లో వంకరటింకర వంతెన, నది ఒడ్డున రాతి భవనాలు, నది అవతల టవరు. నాకు తోడు మా సెక్షన్‌లో సీనియరైన ఇంచార్జి అక్క (నిజానికి ఆమె దేనికీ ఇంచార్జి కాదు, అన్నిటినీ తనే నెత్తిన వేసుకుంటుందని ఆ పేరు). వాళ్ల అబ్బాజాన్‌కు తిరుపతి బస్టాండు దగ్గర సంచుల అంగడి. చిన్నప్పటినుంచీ ఆ అంగడి ముందు దర్శనం టోకెన్ల లైను చూస్తూ పెరిగింది. కంపెనీ బస్సు మమ్మల్ని ఒక పెద్ద బజారువీధిలో దింపి, నాలుగింటికి నది ఒడ్డుకు రమ్మని చెప్పి వెళ్లిపోయింది. వీధి చివర, భవనాల సందులోంచి, పుల్లకు గులాబ్ జామూన్లు గుచ్చినట్టు టవరు కనిపిస్తోంది. మా పక్కనే వందమంది దాకా లైను.

"ఇదే టిక్కెట్ల లైను," అంది అక్క.

"టవరు నది అవతల కదక్కా ఉండాది?"

"స్వామి యాడుండాడు? కొండమీద. టోకెన్లు యాడిస్తారు? మా అంగడి ముందర. నిలబడుమ్మే!"

తిరుపతిలో పుట్టినవాళ్లం, లైను కనబడితే ముందు నిలబడతాం, ఎందుకని తర్వాత అడుగుతాం. అక్కడ అడగడానికి భాష రాదు, మా ఫోన్లలో మ్యాపులు పనిచేయవు, అందుకని ఆ రెండో భాగం వదిలేశాం. రెండున్నర గంటలు నిలబడ్డాం. మధ్యలో దూరబోయిన ఒకాయన్ను అక్క "ఓ సామీ, ఎనక్కి పో!" అని గదిమితే ఆయన అర్థమైనట్టే వెనక్కి వెళ్లాడు. మా వెనకున్న ముసలావిడ అక్క భుజం తట్టి మెచ్చుకుంది. చివరికి ఒక కిటికీ వచ్చింది. అక్క రెండు వేళ్లు చూపించి డబ్బులిస్తే, వేడి వేడి పెట్టెలు రెండు మా చేతుల్లో పెట్టారు. "ముందే ప్రసాదం ఇస్తారేమోక్కా," అని నేను కళ్లకద్దుకున్నాను కూడా. అక్క మాత్రం అడగనిదే ఏదీ తినదు. మూత తీసి, బిళ్లల్లాంటి ఆ రొట్టెలను ముసలావిడకు చూపించి, ఏమిటన్నట్టు చేయి తిప్పింది. ఆవిడ తన ముక్కు కొనను వేలితో పైకి నొక్కి, గుర్రుగుర్రుమంది.

"పందంట! నీకూ వద్దు, నాకూ వద్దు," అంది అక్క. మా రెండిళ్ల వంటిళ్లూ ఒక్కమాట మీద నిలబడిన సందర్భం అదే. పెట్టెలు రెండూ ఆవిడకే ఇచ్చి, తోటనూ వంతెననూ వదిలేసి, రాతి భవనాలను పరుగులోనే చూసి నది ఒడ్డుకు చేరేసరికి బస్సుకు పావుగంట ఉంది. టవరు అవతలి ఒడ్డున నిలబడి నన్నే చూస్తోంది. రొప్పుతూ, జుట్టు మొహాన పడి, భుజం వెనక టవరుతో ఒక ఫోటో. అంతే.

ఇంటికి వచ్చేసరికి అత్త హాల్లో కూర్చునుంది. నాయనను వంటింట్లోకి లాక్కెళ్లి అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఎంతసేపు నిలబడినారు?" అన్నాడు. "రెండున్నర గంట నాయనా." నా చేతిలో ఫోను తీసుకుని హాల్లోకి నడిచాడు.

అత్త కళ్లజోడు సర్దుకుంది. "ఇదేందిరా, పిల్ల కిందనే నిలబడుకోనుండాది? టవరు ఎనకాల యాడో ఉండాదే!"

జన్మలో అబద్ధం ఆడని మా నాయన రెప్ప వేయకుండా, "పైకి సెల్లులు తీసుకుపోనీరక్కా. మన గుడిలో మాదిరే. రెండున్నర గంట లైన్లో నిలబడిందంట," అన్నాడు.

"అవునవును, పెద్ద సోట్ల అంతే," అని అత్త వెంటనే తలూపింది. "పాపం, కాళ్లు ఎంత నొచ్చినాయో బిడ్డకు!" రెండో శిక్షణకు వెళ్లేటప్పుడు డబ్బా నిండా మురుకులు చేసిచ్చింది ఆమే.

రేపు మా పాప పెరిగి, ఏదో ఊరినుంచి వచ్చి, "తప్పు లైన్లో నిలబడ్డానమ్మా" అంటే నేనేం చేస్తాను? నీళ్లు తాగావా, ఎవరినైనా అడగొచ్చుగా, బస్సు వెళ్లిపోయుంటే ఏం చేసేదానివి అని కనీసం పదిహేను ప్రశ్నలు వేస్తాను. ఒక్క ప్రశ్నతో సరిపెట్టి, ఫోను అందుకుని హాల్లోకి నడవడం నాకు చేతనవుతుందా అని అనుమానమే. భాష రాని వీధిలో, ఎందుకో తెలియని లైన్లో, రెండున్నర గంటలు నిశ్చింతగా నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల పిల్లను తలచుకుంటే నాకిప్పుడు చెమటలు పడతాయి. ఆ వెంటనే, కొంచెం అసూయ కూడా.