కొండాపూర్ జోన్‌లో మా బస్సు హారన్

ఆ రోజుల్లో మాకు కాళ్ళలో ఉన్న చురుకు బుర్రలో ఉండేది కాదు. (నవ్వకు బిడ్డా, ఉన్నది ఉన్నట్టు రాయి.) పటాన్‌చెరులో బిస్కెట్ల కంపెనీ. ప్యాకింగ్ ఆడపిల్లలమంతా కలిసి ఒక కబడ్డీ జట్టు. షిఫ్టు చివర గంటసేపు ప్రాక్టీసుకు వదిలేవారు. ఆ గంట మాకు పండగే. కానీ పోటీలకు వెళితే మొదటి ఆటలోనే పక్క ఇనుప కంపెనీ పిల్లలు మమ్మల్ని ఎత్తి గీత అవతల పడేసేవారు. చివరికి సూపర్‌వైజర్ సారుకు విసుగొచ్చింది. "ఈసారి గూడ మొదటి ఆటల్నే ఓడొస్తే ప్రాక్టీస్ బంద్. గా గంట గూడ బిస్కెట్లే కట్టాలె" అన్నారు.

సరిగ్గా ఆ ఏడే పోటీలవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఏ జట్టయినా తన జోన్‌లో ఉండొచ్చు, ఇష్టం లేకపోతే పక్క జోన్‌కు మారొచ్చు. నేను ఎగిరి గంతేశాను. "కొండాపూర్ జోన్‌కు పోదామక్కా! అన్నీ ఊర్ల జట్లే. ఇనుప కంపెనోళ్ళ మొఖం సూసుడు తప్పుతది." మా కెప్టెన్ పొడుగక్క మురిసిపోయి, "నీ నోట్లె చక్కెర పొయ్య, పోదాం పా" అంది.

కంపెనీ బస్సులోనే తీసుకెళ్ళాడు డ్రైవర్ చాచా. మొదటి ఆట కొండాపూర్ పిల్లలతోనే. గట్టివాళ్ళే, అయినా ముందున్నది మేమే. ఆఖరి కూతకు వాళ్ళ పిల్ల వచ్చింది. చేతులు కలిపి చుట్టేశాం. పట్టు బిగిసింది. అప్పుడు మోగింది మా బస్సు హారన్, పొడుగ్గా.

రోజూ ఇంటికి బయల్దేరేటప్పుడు ఆ హారన్ కొట్టాక మా బస్సు ఎవరికోసమూ ఆగేది కాదు. (తప్పితే ఇంటికి నడకే.) ఇంకేముంది, పట్టుకున్న పిల్లను వదిలేసి జట్టుకు జట్టే ఉరికాం. కిటికీ సీటు కోసం నేనూ పొడుగక్కా తోసుకున్నాం కూడా. చాచా బిత్తరపోయాడు. "అరే, ఏమైంది బేటీ? బండి నీడకు పెడ్తుంటే మేకలు అడ్డమొచ్చినయ్, హారన్ కొట్టిన!"

తిరిగి చూస్తే ఆ పిల్ల నింపాదిగా తన గీత దాటుతోంది. బరి వదిలిన మేమంతా అవుట్. ఆట పోయింది.

మర్నాడు సారు ముందు తలలు వంచుకుని నిలబడ్డాం, గంట పోయిందనే బెంగతో. సంగతంతా చాచానే చెప్పాడు. సారు గోడ పట్టుకుని నవ్వారు. "ప్రాక్టీస్ ఉంటది, పోండ్రి. కానీ ఇగ పటాన్‌చెరు జోన్లనే ఆడుండ్రి. అక్కడైతే అందరూ కంపెనీ బస్సులెక్కేటోళ్ళే, హారన్ కొడితే రెండు జట్లూ ఉరుకుతయ్!"

ఇప్పుడు కొల్లూరులో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నా, పొద్దున కింద నీ స్కూలు బస్సు హారన్ మోగితే ముందు లేచేది నేనే. "నానమ్మా, బస్సు నాది" అంటావు నువ్వు.

నీదే బిడ్డా. కిటికీ సీటు మాత్రం నాది.