ఒక్కపొద్దు నాటి నీళ్లు

మావాళ్లు సముద్రం దాటి చెరకు కూలికొచ్చిన ఈ దేశంలో, మా ఊరు త్రూ దో దూస్ అఖాతం ఎంత అందమో అని నా దగ్గర మురిసిపోకండి, ఒళ్లు మండుతుంది నాకు. ఆకుపచ్చ నీళ్లట, సరుగుడు తోపులట, ఎదురుగా జింకల దీవట! చెరకు ఎస్టేటు దొరలు పక్కనున్న బెల్ ఎయిర్ ఊరి మీదుగా బండ్లు కట్టుకొని పడవ షికారుకు వచ్చేవారు. ఆ పడవ నడిపేది మా తాత జగ్గయ్య.

సముద్రం అంచునే, నల్లరాళ్ల మధ్య, మంచినీళ్ల ఊట ఉంది. దూరాన తుపాను పుడితే గాలి కదలకముందే ఆ ఊటలోకి ఉప్పు ఎక్కేది. అందుకే మా అమ్మమ్మ పోలమ్మ రోజూ పొద్దున్నే మొదటి కడవలోంచి పుడిసెడు నీళ్లు తాగి చూసి, తియ్యగా ఉన్నాయంటేనే తాత పడవ విప్పేవాడు.

పెద్ద యుద్ధానికి రెండేళ్ల ముందు మాట. ఫిబ్రవరి, శుక్రవారం. అమ్మమ్మ అమ్మోరికి ఒక్కపొద్దు ఉంది. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. కడవ నింపి, రుచి చూడకుండానే నెత్తికెత్తుకుంది.

ఆ రోజు అఖాతం అద్దంలా ఉందట. ఒక్క అల లేదు, ఒక్క పిట్ట లేదు. అడుగున పగడాలు లెక్కపెట్టుకోవచ్చు. షికారుకొచ్చిన దొరసానులు చప్పట్లు కొట్టారట.

"ఏటే పోలీ, నీళ్లెలాగున్నాయి?" రేవులోంచి కేకేశాడు తాత.

పూజకు ఆలస్యమవుతోందన్న తొందర ఆమెది. రోజూ అనే మాటే నోటికొచ్చేసింది. "తీపిగానే ఉన్నాయి మావా, ఎల్లిరా!"

ఏం పోయేదమ్మా, ఈ పూట చూడలేదని ఒక్క ముక్క అనుంటే!

పూజ ముగించి, హారతి కళ్లకద్దుకొని చెంబెత్తింది. మొదటి గుక్క గొంతు దిగలేదు. ఉప్పు.

చెంబు పడేసి ఒడ్డుకు పరిగెత్తింది. పడవ అప్పటికే దీవి మలుపు దగ్గరుంది. మోకాలిలోతు నీళ్లలోకి దిగి, "వచ్చేయ్ మావా! వచ్చేయ్!" అని గొంతు చించుకుంటూ కొంగు ఊపింది. సాగనంపుతోంది కాబోలనుకొని దొరసానులు నవ్వుతూ టోపీలు ఊపారు. తాత కూడా తెడ్డు వదిలి చెయ్యెత్తి ఊపాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. మూడోనాడు పడవ చెక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అంతే.

అమ్మమ్మ ఇంకో ముప్పై ఏళ్లు బతికింది. మళ్లీ ఒక్కపొద్దు ఉండలేదు. రోజూ పొద్దున్నే ఊట నీళ్లు పుడిసెడు తాగి, అవి ఎంత తియ్యగా ఉన్నా సరే, ఖాళీ రేవు వైపు తిరిగి, "ఉప్పగున్నాయి మావా, ఎల్లకు" అనేది.