నడవకూడని రైలింజను

బంగారం పని చేసే మా అవుసలివాళ్లకు ఒక చెడ్డపేరు ఉంది. చెప్పిన రోజుకు సొమ్ము ఇవ్వరని. తల్లి బంగారంలోనైనా తరుగు తీస్తారన్న మాట ఒట్టి అబద్ధమని ఎంతమందితోనైనా వాదిస్తాను గానీ, ఈ వాయిదాల సంగతి దగ్గర మాత్రం నోరెత్తలేను. బాన్సువాడలో మా దుకాణం మెట్లెక్కి "రేపు" అనే మాట వినకుండా దిగినవాళ్లు తక్కువ. మా అక్క పెళ్లికి పుస్తెలు చేసింది మా నాన్నే. సొంత కూతురి పెళ్లి. అయినా అవి పందిట్లోకి వచ్చింది మేళం ఎత్తుకున్నాకనే. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని మెడ సాచి వాకిలి వైపు చూస్తూనే ఉన్నాడట. ఆ పెళ్లికొడుకే మా బావ. ఆ మాట పట్టుకుని ఆయన నన్ను బతికినన్నాళ్లూ ఏడిపించాడు.

బావ బస్సు డ్రైవరు. కోటగిరి వైపు నడిపాడు, డోంగ్లి వైపు నడిపాడు. డోంగ్లి బస్సులో మరాఠీవాళ్లు ఎక్కువ ఎక్కుతారు కాబట్టి ఆ భాషలో తిట్లు మాత్రం చక్కగా నేర్చుకున్నాడు. స్టీరింగు పట్టుకున్న చేతులు ఊరికే ఉండలేవనేవాడు. అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ పోయాయి. బీపీ ఎప్పటినుంచో ఉందని, తెలిసేసరికి ఆలస్యమైపోయిందని డాక్టర్లు చెప్పారు. అప్పటినుంచి వారానికి మూడు రోజులు డయాలిసిస్. దవాఖాన మంచం మీద పొద్దంతా పడుకుంటే మిషను రక్తాన్ని కడిగి మళ్లీ లోపలికి పంపేది. అక్కకు షుగరు ఉంది, ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. నేను పరీక్షలకు పోయాను, నా రక్తం గ్రూపు కలవలేదు. ఇక ఇచ్చేవాళ్లు లేరు. దినదిన గండం నూరేళ్లాయుష్షు అంటారు గానీ, బావ విషయంలో గండం ఒక్కటే కనిపించేది.

ఓదార్చడానికి వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఒకాయన ఏదో వేరు అరగదీసి తాగమనేవాడు, ఇంకొకాయన ఏదో మొక్కు చెప్పిపోయేవాడు. ఇద్దరినీ గుమ్మంలోనే కోప్పడి పంపాను. అక్క నన్ను తిట్టింది. బావ మాత్రం నవ్వాడు, అంతకుముందు నవ్వి చాలా రోజులైంది.

మంచం మీద పడుకున్నంతసేపూ ఆయన ఫోనులో వీడియోలు చూసేవాడు. ఎక్కడో తెల్లజుట్టు ముసలాయన ఒకడు ఇత్తడి ముక్కలు బిగించి చిన్న చిన్న రైలింజన్లు చేస్తాడు. నీళ్లు పోసి కింద దీపం వెలిగిస్తే ఆవిరి పుట్టి, అవి నిజమైన ఇంజన్లలాగే నడుస్తాయి. మా ఊరికి రైలు లేదు. ఎక్కాలంటే బోధన్‌కో కామారెడ్డికో పోవాలి. స్టీరింగు లేని బండిని నడపడంలో మజా ఏముంటుందని బావ తిట్టుకుంటూనే ఆ వీడియోలు వదలకుండా చూసేవాడు. నేను అదే రకం సామాను ఫోనులో వెతికి తెప్పించాను. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టె వచ్చింది. ఇత్తడి బాయిలరు, చక్రాలు, కడ్డీలు, పొగగొట్టం, పొట్లాలు కట్టిన మరలు, ఒక గుండ్రటి పట్టా ఉన్నాయి. ఎలా చేయాలో చెప్పే పుస్తకంలో మాటలు మాకు రాని భాషలోవి, బొమ్మలు చూసి చేసుకోవాలి.

పెట్టె వచ్చిన వారంలోనే బావ అడ్డం తిరిగాడు. దవాఖానకు పోయే ఆటో వాకిట్లోకి వచ్చి ఆగింది. ఆయన మంచం దిగలేదు. సూదులు గుచ్చి గుచ్చి చేతి మీద నరం తాడులా తేలింది, ఇంటికొచ్చాక పిక్కలు పట్టేసి రాత్రంతా నిద్ర లేదు, ఇక చాలన్నాడు. అక్క కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వినలేదు. అక్క ఫోను చేస్తే దుకాణం కట్టేసి ఆ పెట్టె చంకలో పెట్టుకుని పోయాను. ఏం మాట్లాడాలో తెలియక దాన్ని ఆయన ముందు విప్పాను. బావ ఒక చక్రం చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"గిది నడిచేదాంక దవాఖానకొస్త," అన్నాడు. "నడిచినంక మాత్రం నన్ను ఎవ్వలు లేపొద్దు. మాటియ్యుర్రి."

అక్క నా మొహం చూసింది. నేను మాటిచ్చాను. ఆమె కూడా ఇచ్చింది. ఆ పూట ఆయన లేచి ఆటో ఎక్కాడు.

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంకెవరి చేతిలోనైనా పెడితే ఆ ఇంజను నెలలో అయిపోయేది. పెట్టింది అవుసలి చేతిలో. తరతరాలుగా మమ్మల్ని తిట్టిన తిట్లన్నీ ఇన్నాళ్లకు ఒక పనికొచ్చాయి అనుకున్నాను.

అప్పటినుంచి నా వాయిదాలు మొదలయ్యాయి. దవాఖాన లేని రోజుల్లో సాయంత్రం పెట్టె పట్టుకుని వాళ్లింటికి పోయేవాణ్ణి. బావ వసారాలో కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉండేవాడు. నున్నగా ఉన్న కడ్డీని ఇంకా నునుపు చేయాలని ఆకురాయితో రుద్దేవాణ్ణి. టంకం మంచిది కాదు, నిజామాబాద్ నుంచి తెప్పించాలనేవాణ్ణి. నిజామాబాద్ పోయేవాడు దొరికేదాకా పని ఆగేది. అమావాస్య ముందు అతుకు పెట్టకూడదనేవాణ్ణి. మూఢం వచ్చిందని ఒకసారి చక్రాల బిగింపే ఆపేశాను. ఇనుప బండికి మూఢమేందిరా అని బావ అడిగితే, మొదట అది ఇత్తడిదని సరిదిద్ది, ఆ మీదట మంచిరోజు చూడకుండా మా నాన్న ఏ పనీ మొదలుపెట్టలేదని చెప్పాను. అందుకే పుస్తెలు మేళం ఎత్తుకున్నాక తెచ్చాడని ఆయన చురక అంటించాడు. బిగించిన చక్రాన్ని వంకరగా ఉందని ఊడదీసి మళ్లీ బిగించడం మాత్రం నేను ఎక్కువగా వాడిన ఎత్తు. ఎన్నిసార్లు ఊడదీశానో లెక్క లేదు.

దుకాణంలో కూడా అదే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రెడీమేడ్ నగల దుకాణాలు వచ్చాక మాకు మిగిలినవి అతుకుల పనులే. తండా నుంచి ఒకామె వెండి కడియాలు బాగు చేయమని ఇచ్చి, వచ్చినప్పుడల్లా నా చేతిలో రైలు చూసి తిట్టిపోసేది. పిల్లలాట ముందా నా కడియాలు ముందా అని అడిగేది. ఆమెకూ రేపే అన్నాను.

బావకు అంతా తెలుసు. మా మధ్య ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు గానీ తెలుసు. అవుసలి వాయిదాను నమ్మేంత అమాయకుడు కాడు. నమ్మినట్టు ఉండటం ఆయన నాకు చేసిన మర్యాద. బాయిలరు కారుతుందేమో చూడాలని ఒకరోజు ఆయనతో నీళ్లు పోయించాను. సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా పోశాడు. ఆయన నీళ్లు ఎక్కువ తాగకూడదు, రోజంతా సరిపెట్టుకోవాల్సినవి ఒక చిన్న సీసాలో కొలిచి అక్క గూట్లో పెట్టేది. కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి చప్పిడి కూర పెట్టేది.

"దీన్ది నసీబ్ మంచిగున్నది బామ్మర్ది," అన్నాడు సిరంజి పక్కన పెడుతూ. "దీన్ని అందరు తాగుమనే అంటున్రు."

నేను తల వంచుకుని మర బిగించాను.

కోతలు అయిపోయాయి. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారు, యాసంగి నాట్లు పడ్డాయి. ఇంజను ఇంకా చక్రాల దగ్గరే ఉంది. బావ మాత్రం రోజురోజుకూ తరిగిపోయాడు. ముఖం నల్లబడింది. ఒళ్లంతా దురద, గోకి గోకి పుండ్లు పడ్డాయి. సూదులు గుచ్చే చేతిలో నరం మూసుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు మిషను కోసం మెడ దగ్గర గొట్టం వేశారు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆయన బరువు నా చేతికి తెలిసేది కాదు. నేను "రేపు" అన్న ప్రతిసారీ ఆయన ఒంటిలోంచే తరుగు తీస్తున్నానని అప్పుడు తెలిసింది. తెలిసినా ఆపలేదు. ఆయన లేని ఇంటిని తలచుకుంటే నాకు భయం. బావ అని పిలవడానికి నాకు ఇంకొకరు లేరు.

ఒక సాయంత్రం నేను పెట్టె విప్పబోతుంటే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. బావ వసారాలో కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఇగ సతాయించకు తమ్మీ," అంది. "ఆయ్న నీ కోసం పోతుండు, నా కోసం పోతుండు. ఆయ్న కోసం ఎన్నడో అయిపోయింది. చేసియ్యి."

ఆమె ఏడవలేదు. పొయ్యి మీది కూర నీళ్లు వంచుకుంటూ చెప్పింది.

ఆ వారం నిజంగా పని చేశాను. కడ్డీలు తగిలించాను, పిస్టన్లు బిగించాను, బాయిలరు ఎక్కించాను. ఆదివారం నాడు వసారాలో చెక్క మీద గుండ్రటి పట్టా పరిచి, నీళ్లు పోసి, స్పిరిట్ దీపం వెలిగించాము. కాసేపటికి బుస్సుమని ఆవిరి వచ్చింది. చక్రాలు ఒక అర చుట్టు తిరిగాయి, పట్టేసినట్టు ఆగాయి, వెనక్కి కదిలాయి, మళ్లీ ఆగాయి. ఎంత తోసినా అంతే.

బావ నా వైపు చూశాడు. నేను నిజంగానే నడవడం లేదన్నాను. ఒట్టు వేశాను. ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు, ఎంత చెప్పినా ఇంతేనా అన్నట్టు చూసింది. పుట్టి బుద్ధెరిగాక నేను నిజాయితీగా చెప్పిన వాయిదా అదొక్కటే, దాన్ని నమ్మినవాళ్లు లేరు. సోమవారం పొద్దున ఆటో వస్తే బావ తనంతట తానే గోడ పట్టుకుని లేచాడు. నడవలేదు కదా, మాట మాటే అన్నాడు. ఆయన ఆటో ఎక్కుతుంటే చూసి గెలిచాననిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

దుకాణంలో కూర్చుని దాన్ని విప్పి చూస్తే తప్పు దొరికింది. ఒక వైపు చక్రం కంటే రెండో వైపు చక్రం పావు చుట్టు ముందుండాలి. అలా ఉంటేనే కడ్డీలు ఒకదాని తర్వాత ఒకటి తోస్తాయి. ఊరికే ఊడదీసి బిగించీ ఊడదీసి బిగించీ ఇరుసు మీద ఆ చక్రం పట్టు నేనే అరగదీశాను. ఆవిరి బలం తగలగానే అది జారిపోతోంది. మరతో ఇక నిలవదు. అతకాలి. అతికితే మళ్లీ ఊడదీయడానికి ఉండదు.

చాలాసేపు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నాను. తండా ఆమె వచ్చింది. మెత్తగా మాట్లాడి ఆమె కడియాలు ముందు చేసిచ్చేశాను, ఆమె ఆశ్చర్యపోయి దీవించి వెళ్లింది. ఇక వంక లేదు. చక్రాన్ని సరిగ్గా కుదిర్చి, వెలిగారం రాసి, వెండి టంకం పెట్టి మంట ఊదాను. టంకం కరిగి సందులోకి పారింది. చల్లారాక బల్ల మీద పట్టా పరిచి నడిపి చూశాను. నడిచింది. చిన్న చప్పుడు చేసుకుంటూ గుండ్రంగా తిరిగింది. అది నడుస్తుందని లోకంలో నాకు ఒక్కడికే తెలుసు. పెట్టెలో పెట్టి మూత వేస్తే బావ బుధవారం దవాఖానకు పోతాడు, శుక్రవారం పోతాడు. ఇంకా పోతూనే ఉంటాడు.

మంగళవారం మధ్యాహ్నం దాన్ని పట్టుకుని పోయాను. ఎవరూ రెండోసారి అడగకముందే నేను పని అప్పగించింది ఆ ఒక్కసారే.

బావ వసారాలోనే ఉన్నాడు. నడిపించాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి చూశాడు. నీళ్లు అయిపోయి ఆగితే మళ్లీ పోయమన్నాడు. ఈసారి దీపం తానే వెలిగించాడు. అది తిరుగుతున్నంతసేపూ ఆయన కుడిచెయ్యి మోకాలి మీద కదులుతూనే ఉంది, గేరు మారుస్తున్నట్టు. అయిపోయాక అతుకు పెట్టిన చోట గోటితో తడిమి చూసి, "మంచిగ చేసినవ్," అన్నాడు. బావ నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు.

బుధవారం ఆటో వచ్చి హారన్ కొట్టింది. అక్క గేటు దాకా వెళ్లి, ఇక రావద్దని చెప్పి పంపించింది. ఆ తర్వాత బావ అడిగినప్పుడల్లా చెంబుతో నీళ్లు తాగాడు. ఉప్పు వేసిన పప్పు తిన్నాడు. కాళ్లు ఉబ్బాయి, ఆయాసం పెరిగింది, ఎక్కువ రోజులు పట్టలేదు. పోయేటప్పటికి మమ్మల్ని గుర్తుపట్టే స్థితిలో లేడు. అంతా ప్రశాంతంగా జరిగిందని చుట్టాలకు చెప్పాము గానీ అది నిజం కాదు, చాలా కష్టపడ్డాడు.

దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను నీళ్లు అందిస్తున్నాను. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"చేసియ్యమన్నది నేనే. నేనంటె మాత్రం నువ్వెందుకు విన్నవ్ తమ్మీ?"

బకెట్టు ఖాళీ అయితే నల్లా దగ్గరికి పోయి నింపుకొచ్చాను. నేను తిరిగి వచ్చేసరికి ఆమె తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది.