లెక్కలోకి రాని పడవ

సామర్లకోటకు రైలు వచ్చిన కొత్తలో నేనొక వ్యాసానికి పూనుకున్నాను. రైతు సరుకుకు బండి మేలా, పడవ మేలా, రైలు మేలా అన్నది విషయం. కళ్లతో చూసిందే రాస్తానని మా సంస్కరణ సమాజంలో గొప్పగా చెప్పుకున్నాను. పరీక్షకు మా మేనమామ తన తోటలోని తమలపాకులిచ్చాడు. ఆ తోట తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు.

బండి మీద వెళ్లిన గంపల్లో ఆకు కుదుపులకు చిరిగింది. పడవలో వెళ్లింది అప్పుడే కోసినట్టుంది. రైలు అన్నిటికన్నా వేగమే గాని, స్టేషను దాకా చేర్చడానికి మళ్లీ బండో పడవో కావాలి.

ఇక పెద్ద కోత మిగిలింది. మామయ్య ఇంటికి నెలరోజుల తిండి అందులో ఉంది. మంగళవారం పడవకెత్తుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, తన తండ్రి ఎత్తేవాడు కాదన్నాడు. నాకు ఒళ్లు మండింది. వారాలూ వర్జ్యాలూ రైతును ఎలా ముంచుతున్నాయో ఆయన అరుగు మీద నిలబడి గంటసేపు దంచాను.

"సరేరా అల్లుడూ, నీ నోటికో దణ్ణం. ఎత్తించు" అన్నాడు చివరికి.

పడవలను వంతులవారీగా కిందికి దించే కాలువ లాకు దగ్గర మా పడవ ఆగిపోయింది. బుధవారం దిగువన సంత. ధాన్యం పడవలు మా ముందు బారులు తీరి ఉన్నాయి. లాకు తలుపులు తీసే మనిషి మా గంపలు చూసి నవ్వాడు.

"మంగళారం ఆకేసుకొచ్చారేంటండి? రేపు మధ్యాహ్నం దాకా మీ వంతు రాదు."

ఎండలో నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. లాకు దాటేసరికి గంపల నడుమ ఆకు వేడెక్కి నల్లబడింది. అంతా కాలువలో పోశాం. ఖాళీ గంపలు తెచ్చిస్తే మామయ్య కడిగి ఎండబెట్టాడు.

ఆ కట్టుబాటుకు కారణం ఉంది. మామయ్యకు తెలియదు, తాతయ్యకు తెలిసే ఉంటుంది. వెతకవలసినవాణ్ణి నేను. లాకు దాకా నడిచి అడిగితే ఒక పూటలో తేలేది.

వ్యాసం అచ్చయింది. పడవే మేలని రాశాను. మామయ్యకు చదువు రాదు, చదివి వినిపించమన్నాడు. అదే అరుగు మీద కూర్చుని విన్నాడు. బండి కుదుపుల దగ్గర తలూపాడు. అయిపోయాక అడిగాడు:

"మంగళారం పడవేదిరా?"

"అది లెక్కలోకి రాదు మామయ్యా."

"పోన్లే. ఇంకోడెవడైనా విని, ఆ రోజు ఎత్తకుండా ఉంటాడేమో అనుకున్నాను."

చెప్పులు విడిచి, వట్టికాళ్లతో తోటలోకి వెళ్లాడు. ఆయన బతికుండగా ఆ వ్యాసం నేను సరిదిద్దలేదు. ఆకు తోటలోకి చెప్పులతో ఎందుకు వెళ్లరో కూడా ఆయన్ను ఎన్నడూ అడగలేదు.