మా పిన్ని ఏడెకరాల చెరువు

మా పిన్నికి భీమవరం వైపు ఏడెకరాల చేపల చెరువు ఉంది. ఆ సంగతి ముందు ప్రభుత్వానికి తెలిసింది, ఆ తర్వాతే నాకూ మా పిన్నికీ తెలిసింది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. ఆత్రేయపురంలో బోర్లించిన వేడికుండ మీద రేకులు తీసి పూతరేకులు చేస్తుంది. వాటి మీద వచ్చేది ఇంటికీ మందులకీ సరిపోతుంది. బాబాయి పోయాక వస్తున్న వితంతు పింఛను మాత్రం అచ్చంగా ఆవిడ సొంతం. దాంతో ఏం చేశావని ఎవరూ అడక్కూడదు. ఒక నెల కొత్త చీర కొనుక్కుంటుంది. ఒక నెల బస్సెక్కి రాజమండ్రి వచ్చి నన్ను సినిమాకి తీసుకెళ్తుంది. ఒక నెల చేపల పులుసు పెట్టి వీధిలో ఆడవాళ్లందరినీ భోజనానికి పిలుస్తుంది. "ఇది మీ బాబాయి నాకు పంపే మనియార్డరే" అంటుంది. బతికున్నప్పుడు ఆయన ఎన్నడూ ఒక్క మనియార్డరు పంపిన పాపాన పోలేదు గనుక ఈ మాట అన్నప్పుడల్లా ఇద్దరం నవ్వుకుంటాం.

ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే ఆ పింఛను ఒక నెల రాలేదు. పిన్ని నాకు ఫోన్ చేసింది. నేను రాజమండ్రిలో సోషల్ టీచర్ని. కాగితాల పని ఏదొచ్చినా మావాళ్లు నన్నే పిలుస్తారు. నాకు చదువు ఎక్కువని కాదు, కోపం ఎక్కువని. కోపం ఉన్నవాళ్లకి ఆఫీసుల్లో పనులు త్వరగా అవుతాయని వాళ్ల నమ్మకం. ఆదివారం పోయాక సెలవు పెట్టి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్లాను.

గ్రామ సచివాలయంలో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, పిన్నితో చాలా మర్యాదగా చెప్పింది.

"మీ పేరు మీద ఏడెకరాల మాగాణి ఉందండి. చెరువుగా తవ్వారండి. అంత భూమి ఉన్నవాళ్లకి పింఛను ఆగిపోతుందండి."

నేను పోట్లాటకి సిద్ధమయ్యేలోపే పిన్ని పకపకా నవ్వింది. "ఏడెకరాలా? నాకా? ఎంత చల్లని మాట చెప్పావు తల్లీ! ఈ సంగతి ముందే చెబితే ఆ కుండ దగ్గర మాడకపోదును గదా!"

ఆ అమ్మాయి ఊరి పేరు, సర్వే నంబరు చెప్పింది. ఊరి పేరు వినగానే పిన్ని నవ్వు ఆగింది. దారిలో నడుస్తూ జరిగింది చెప్పింది.

ఆ ఊళ్లో ఒక చెరువుల ఆసామి ఉన్నాడు. వాళ్లింట్లో ఏ శుభకార్యం అయినా పూతరేకులు పిన్ని దగ్గరే. కొన్నేళ్ల క్రితం ఆయన ఒక పొలం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాడు. మా వైపు రిజిస్ట్రేషన్ అయ్యాక అక్కడున్న అందరికీ తీపి పంచుతారు. ఆయన కారు పంపి, పూతరేకులు మీరే స్వయంగా తెచ్చి పంచాలక్కయ్యగారూ, మీ చెయ్యి చల్లని చెయ్యి, పనిలో పనిగా ఒక సాక్షి సంతకం కూడా పెడుదురుగాని అన్నాడు.

ఇక్కడే మా పిన్ని బోల్తా పడింది. డబ్బిస్తామంటే అనుమానపడేది. చెయ్యి చల్లనిది అన్నారు. పూతరేకులు చేసేవాళ్లకి అంతకన్నా పెద్ద బిరుదు లేదు. తన చేత్తో రేకు చుట్టి ఇస్తే పెళ్లిళ్లు కుదురుతాయనీ, ఉద్యోగాలు వస్తాయనీ ఆవిడకి గట్టి నమ్మకం. కొత్త చీర కట్టుకుని వెళ్లి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చింది.

"వేలు కూడా పెట్టించారే. నా వేలు మిషను పట్టదు గదా, ఏళ్ల తరబడి ఆ వేడికుండ మీద అరిగిపోయింది. తుడిచారు, పౌడరు రాశారు, మళ్లీ పెట్టించారు. సాక్షికి ఇంత మర్యాదేంటా అనుకున్నాను."

"సాక్షివి కాదు పిన్నీ, కొన్నదానివి నువ్వే. దీన్ని బినామీ అంటారు. దాక్కునేది ఆయన, దొరికేది నువ్వు."

ఎక్కడిదో చెప్పుకోలేని డబ్బు చేతిలో ఉంటే ఏం చేస్తారో నేను పిల్లలకి పాఠంలా చెప్పగలను. దాన్ని పొలంగా మారుస్తారు, అదీ ఏ వంటమనిషి పేరు మీదో, డ్రైవరు పేరు మీదో. కొన్నేళ్లు ఆగి అమ్ముతారు. అప్పుడది కడిగిన బియ్యంలా తెల్లగా బయటికి వస్తుంది. తమాషా ఏమిటంటే మా గోదావరి జిల్లాల్లో ఏ చెరువు ఎవరిదో టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. తెలియనిదల్లా కాగితానికే.

మేం సచివాలయంలో అడిగిన సంగతి ఎవరు చేరవేశారో గాని ఆ వారంలోనే ఆసామి దిగాడు. చేతిలో పళ్లబుట్ట. సెలవు పొడిగించి నేను అక్కడే ఉన్నానని ఆయనకి తెలియదు. వంటింట్లో గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నాను.

"మీ పింఛను ఆగిందటగా అక్కయ్యగారూ. దానికేముందండి, ప్రతి నెలా నేను పంపిస్తాను. పండక్కి చీర కూడా పెడతాను. మీరు ఊరికే ఉంటే చాలండి. మా ఊళ్లో భూముల రీసర్వే అయ్యి గ్రామసభలో మీ పేరు చదువుతారు. లేచి 'నేనే' అంటే సరిపోద్ది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికి వచ్చి నాలుగు కడిగేయబోయాను. పిన్ని వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆలోచించుకుని చెబుతాను బాబుగారూ" అంది. ఆయన వెళ్లగానే నా మీద తిరగబడింది. "నీకు కోపం ముక్కు మీద ఉంటదే. ముందు నా చెరువు నేను చూసుకోవద్దూ?"

ఆ మర్నాడే ఇద్దరం ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. పిన్ని రిజిస్ట్రేషన్ నాటి చీరే కట్టుకుంది. దారి పొడుగునా చెరువులే. ఏది కనిపించినా "ఇదేనంటావా? ఇది బాగుంది, ఇదైతే బాగుండు" అని వధువుని చూడ్డానికి వెళ్తున్నట్టు సంబరపడింది. చివరికి సర్వే నంబరు పట్టుకుని చెరువు చేరుకున్నాం. మంచి చెరువు, చుట్టూ కొబ్బరి మొక్కలు, గట్టు మీద మేత బస్తాలు, ఒక షెడ్డు. కాపలా మనిషి ఎదురొచ్చాడు.

"ఎవరండి?"

"ఈ చెరువు ఓనర్నండి" అంది పిన్ని, ఏమాత్రం తడుముకోకుండా.

అతను ఆవిడ చెప్పుల నుంచి ముడి దాకా చూసి, ఎందుకైనా మంచిదని కుర్చీ వేశాడు. పిన్ని గట్టు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని టీ తాగింది. మేతకి వచ్చిన చేపలు నీళ్లని ఉడికిస్తున్నాయి. చాలాసేపు వాటినే చూసింది.

"ఒక శీలావతి చేప పట్టి ఇవ్వవయ్యా, ఇంటికెళ్లి పులుసు పెట్టుకుంటాను."

"అమ్మో, ఆసామిగారినడగాలండి" అన్నాడతను. నిజానికి ఫోన్ చేసి అడిగాడు కూడా. ఫోన్లో అవతల ఏమన్నారో గాని, కుదరదండి, చేప ఇంకా పట్టుబడికి ఎదగలేదండి అన్నాడు.

పిన్ని లేచింది. వెళ్లేటప్పుడు ఉన్న హుషారు తిరుగుదారిలో లేదు. "పేరు గొప్ప ఊరు దిబ్బ" అంది. కాస్త దూరం పోయాక, "మీ బాబాయి పంపే డబ్బులు ఆపించి, ఈయన నాకు జీతం ఇస్తాడటే. నా పేరుకి జీతం" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడకి ఏడుపు రావడం నేను చాలా అరుదుగా చూశాను. నాకు మాత్రం ఏడుపుకి బదులు మళ్లీ కోపమే వచ్చింది.

గ్రామసభ చెరువున్న ఊరి స్కూలు ఆవరణలో పెట్టారు. షామియానా, మైకు, గోడకి పెద్ద మ్యాపు. సర్వేయరు ఒక్కొక్క నంబరూ చదువుతున్నాడు. పేరు వినపడ్డవాళ్లు లేచి 'నేనేనండి' అంటున్నారు. అభ్యంతరాలుంటే అక్కడే చెప్పాలి. ఆసామి వెనక వరసలో నలుగురితో నవ్వుతూ కూర్చున్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు. ఊరంతా మా పిన్నిని చూస్తోంది. ఆ చెరువు ఎవరిదో వాళ్లందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిదల్లా ఈవిడ ఏమంటుందో.

పిన్ని పేరు మైకులో వచ్చింది. లేచింది.

"పేరు నాదేనండి. సంతకం నాదే. మిషను పట్టనన్నా పట్టించిన వేలు కూడా నాదేనండి. చెరువు మాత్రం నాది కాదండి. మొన్న వెళ్లి ఒక్క చేప అడిగితే ఇవ్వలేదండి. ఏ ఓనరుకన్నా అలా జరుగుద్దా, మీరే చెప్పండి."

షామియానా కింద నవ్వులు పగిలాయి. పిన్ని నవ్వలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"అదిగోనండి, ఓనరుగారు అక్కడున్నారు. లేవండి బాబుగారూ, మీ పేరు మీరు చెప్పుకోండి. మీ చెరువు దగ్గర నన్నెందుకు నిలబెడతారు?"

ఆసామి తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాడు. తహసీల్దారుగారు పిన్నిని దగ్గరికి పిలిచి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయించుకుని, చదివి వినిపించి మరీ సంతకం తీసుకున్నారు. ఈలోగా ముందు వరసలో ఒక ముసలి డ్రైవరు లేచి నిలబడ్డాడు. "నాది కూడా ఇలాంటిదేనండి, ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను" అన్నాడు. మళ్లీ నవ్వులు, ఈసారి చప్పట్లు కూడా. నేను చిన్నపిల్లలా ఈల వేశాను, టీచర్నన్న సంగతి మరిచిపోయి.

ఆ చెరువు మీద ఇంకా విచారణ నడుస్తోంది. పై ఆఫీసు నుంచి రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ నేనే వెంట వెళ్లాను. ఆసామి ఎంతవరకు దొరుకుతాడో నాకు తెలియదు, ఇలాంటివాళ్లకి లాయర్లు గట్టివాళ్లే ఉంటారు. పిన్ని తనకి తెలియకుండా జరిగిందని రాసిచ్చిన కాగితం మాత్రం ఒప్పుకున్నారు. ఆవిడ పేరు నుంచి ఆ భూమి విడిపోయింది. కొన్ని నెలలు తిప్పించుకుని పింఛను మళ్లీ వచ్చింది.

ఆ ఒకటో తారీఖున నేను అక్కడే ఉన్నాను. ఎప్పటిలాగే మిషను వేలు పట్టలేదు. పింఛను తెచ్చినతను పౌడరు రాయబోతే ఈసారి పిన్ని ఒప్పుకోలేదు. చీరచెంగుతో తనే తుడుచుకుని, పట్టేదాకా ఓపిగ్గా పెట్టింది. డబ్బు చేతికి రాగానే చెప్పులేసుకుని సంతకి నడిచింది. తిరిగొచ్చేసరికి సంచిలోంచి శీలావతి తోక బయటికి కనిపిస్తోంది. వీధిలో అందరినీ పులుసుకి పిలిచింది.

చేపని పళ్లెంలో పెట్టి నాకు చూపించింది. "ఏడెకరాలు పోతే పోయాయే. ఇది చూడు, దీనికి నేనే ఓనర్ని" అంది.