సగం వాటా ముక్తి

మొన్న పొద్దున్నే చిలకలపూడిలో మా ఇంటి ముందు రెండు మోటారు సైకిళ్ళు ఆగాయి. తెల్లబట్టల కుర్రాళ్ళు దిగి, స్వామివారి ఆరాధనకు ఫ్లెక్సీ వేయిస్తున్నామండీ, పైన ఆయన పద్మాసనంలో ఉంటారు, కింద పాదాల దగ్గర అమ్మగారి బొమ్మ పెడదామనుకుంటున్నాం, ఫొటో ఉంటే ఇప్పించండి అన్నారు. వాళ్ళు స్వామివారంటున్నది మా బావని. అమ్మగారంటే మా అక్క. ఫొటో ఉంది, ఇవ్వను అని తలుపేసేశాను. డెబ్బై దాటాక అంత కోపం ఒంటికి మంచిది కాదంటూ మా కోడలు మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ గ్లాసు చూసేసరికి కోపం రెట్టింపయింది, ఎందుకంటే ఈ మంట నాలో మొదట రాజుకున్నది కూడా ఒక మజ్జిగ గ్లాసు దగ్గరే.

నేను ఆరో తరగతిలోనే బడికి ముక్తి ప్రసాదించినవాణ్ణి. మీసాలొచ్చే వేళకు బావ దగ్గర రోల్డుగోల్డు పనిలో ఉన్నాను. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆ వీధుల్లో ఏ ఇంట్లో చూసినా ఒక దీపం, దాని ముందు ఇత్తడి ఊదుగొట్టం నోట పెట్టుకుని, మంటను సూదిలా సాగదీస్తూ గొలుసులకు టంకం పెట్టే మనిషి ఉండేవారు. బావ పనిమంతుడే. కాకపోతే ఒకసారి దివిసీమ నుంచి వచ్చిన గురువుగారి ఉపన్యాసం విన్నాడు. పుట్టడం, చావడం, మళ్ళీ పుట్టడం అనే ఈ తిరుగుడులోంచి బయటపడేసేది యోగమేనని, మనసు అలల్లేని నీళ్ళలా నిలిస్తే ఆత్మ తనను తాను చూసుకుంటుందని ఆయన చెప్పారట. ఆ మాట తప్పని నేననను, ఇప్పటికీ అనను. మర్నాడు బావ ఊదుగొట్టం అక్క చేతికిచ్చి, తాను చాప మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు. భోజనానికి మాత్రం వేళ తప్పకుండా లేచేవాడు.

ఆనాటి నుంచి ఒకే ఇంట్లో ముందుగదిలో ఆయన ఊపిరి బిగబట్టేవాడు, వెనక వసారాలో అక్క ఊపిరి ఊదేది. ఊపిరి ఆపే ఆ కుంభకానికి చప్పుడు పనికిరాదని పిల్లల్ని అరవనిచ్చేవాడు కాదు. చివరికి పొగకు అక్కకు దగ్గొచ్చినా కొంగు నోట్లో కుక్కుకుని దగ్గాల్సి వచ్చేది.

ఒకనాడు ఆ గురువుగారే మా ఇంటికొచ్చారు. యోగానికి ఎనిమిది మెట్లని, మొదటిది యమమని, అందులోనూ మొదటి మాట అహింస అని, ఆసనం మూడో మెట్టు, ప్రాణాయామం నాలుగోదని ఓపిగ్గా విప్పి చెప్పారు. ఎవరినీ నొప్పించకపోవడం అనే ఆ మొదటి మెట్టు మీద కాలైనా మోపకుండా మా బావ ఏకంగా మూడోదాని మీదికి దూకాడని నాకప్పుడే తెలిసింది. మజ్జిగ తెచ్చిన అక్క గ్లాసు అందించి అక్కడే నిలబడిపోయింది.

"నాక్కూడా నేర్పండి స్వామీ. మళ్ళీ పుట్టకూడదని ఈయన అంటున్నారు గానీ, ఆ అవసరం నాకే ఎక్కువండీ."

గురువుగారు నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "నీకెందుకే ఈ కష్టాలు? నాకు సేవ చేసుకుంటూ ఉండు చాలు. నాకొచ్చే ముక్తిలో సగం వాటా నీదే."

"అయితే బావా, ఇవాళ అన్నం నువ్వొక్కడివే తిను. సగం అక్క కడుపులో పడుతుందేమో చూద్దాం," అన్నాను.

గురువుగారికి మజ్జిగ పొలమారింది. అంతే. నేర్పుతాననీ అనలేదు, నేర్పననీ అనలేదు, అవనిగడ్డ బస్సుకు వేళయిందని లేచారు. బావ చాలాకాలం నాతో మాట్లాడలేదు, దానివల్ల నాకు పోయిందేమీ లేదు. అక్క మళ్ళీ ఎన్నడూ, ఎవరినీ అడగలేదు. అదే నన్నిప్పటికీ కాలుస్తుంది.

బావ పోయాక, చాప మీద అన్నేళ్ళు కూర్చున్నవాడు యోగి కాక మరేమిటని నమ్మినవాళ్ళు సమాధి కట్టారు, పూజలు మొదలెట్టారు. అక్క మాత్రం ఊపిరితిత్తులు పాడై గుడివాడ ఆస్పత్రిలో చేరింది. అక్కడ నర్సమ్మ మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిచ్చి, గట్టిగా పీల్చండి, కాసేపు ఆపండి, మెల్లగా వదలండి అని పక్కన కూర్చుని చెప్పింది. అక్క పీల్చింది. ఒక బంతి లేచింది.

"ఒరే తమ్ముడూ, చూశావా? నాకూ నేర్పారురా," అని నవ్వింది.

ఎదురుమాటలతో జీవితమంతా జనాన్ని నవ్వించినవాణ్ణి, ఆ నవ్వుకు మాత్రం నవ్వలేకపోయాను. రెండో బంతి లేవకుండానే అక్క వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఊదుగొట్టాలు పోయి గ్యాసు మంటలొచ్చాయి. బందరు మైదానంలో పొద్దున్నే యోగాకు ముందు వరసల్లో కూర్చునేది ఆడవాళ్ళే, మైకులో పీల్చండి, ఆపండి అని చెప్పేది మా అక్క మనవరాలే. చూస్తే కడుపు నిండుతుంది. వచ్చేవాళ్ళు షుగరు గురించి అడుగుతారు, నడుంనొప్పి గురించి అడుగుతారు, ముక్తి సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తిన ఒక్క మనిషికీ ఆనాడు జవాబు చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆ కుర్రాళ్ళు మళ్ళీ వస్తామన్నారు. రానీండి. ముక్తి అనేది నిజంగా ఉంటే మా అక్క ఈపాటికి ఆ పాదాలకు అందనంత దూరం వెళ్ళిపోయి ఉంటుంది. మళ్ళీ పట్టుకొచ్చి అక్కడే కూర్చోబెట్టడానికి నాకు చేతులు రావు.