మా ఇంటి దురాయి

మా పాళెంలో పోలీసు కేసంటే ఎవరికీ లెక్కలేదు. దురాయి అంటే మాత్రం ఎంతటి మొనగాడికైనా కాళ్ళు వణుకుతాయి. దురాయి అంటే ఊరి పెద్దలు వేసే కట్టడి. అది పడిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, అంగట్లో ఉప్పు కూడా అమ్మకూడదు, వాళ్ళ బోటును నీళ్ళలోకి తొయ్యడానికి చెయ్యి వెయ్యకూడదు. డిగ్రీ చదివేటప్పుడు ఈ సంగతి చెబితే నా స్నేహితురాళ్ళు సినిమా కథ అనుకున్నారు. చదువు అయిపోయి ఇంటికొచ్చిన ఏడాదే అది మా ఇంటి మీద పడింది.

గంగమ్మ జాతర ముందురోజు ఎవరూ వేటకు పోకూడదు. నాయన పోయాడు. ముందే వేసిన వల సముద్రంలో ఉండిపోయింది, గాలి తిరిగింది, కొట్టుకుపోతుందని తెచ్చుకోవడానికి పోయాడు.

"వల తెచ్చుకునేది వేట కాదు గదన్నా" అని పెద్దల ముందు వాదించాడు.

"వల్లో చేపలుండాయా లేదా?" అని అడిగారు వాళ్ళు.

ఉన్నాయి. సాయంత్రానికి చాటింపు వేయించారు. వాట్సాప్ గ్రూపులోంచి కూడా నాయన నంబరు తీసేశారు. గంగమ్మకు ఆ గ్రూపుతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాయన, అమ్మ, నేను పళ్ళు బిగించుకుని నెట్టుకొచ్చాం. సరుకులకు పక్కనున్న కోట టౌనుకు పోయేవాళ్ళం. తట్టుకోలేకపోయింది అవ్వ, నాయన తల్లి. నలభై ఏళ్ళు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి, నోరు మూసుకుని ఒక పూట ఉన్నది లేదు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని "ఏమ్మే, అన్నం తింటివా?" అని పక్కింటామెను పలకరిస్తే ఆమె చీపురు పట్టుకుని లోపలికి పోయేది. రెండోరోజు, మూడోరోజు కూడా పలకరించింది. నాలుగోరోజు లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పదిరోజులకు ముద్ద మింగడం మానేసింది. కోటలో డాక్టరు చూసి జబ్బేమీ లేదని టానిక్కు రాసిచ్చాడు. జబ్బేమిటో మా అందరికీ తెలుసు. ఇంకో రెండు వారాలు ఇలాగే పోతే అవ్వ దక్కదని కూడా తెలుసు.

అప్పుడొచ్చింది పీతలామె. ఉప్పుకాలవ అవతల యానాది కాలనీ మనిషి. నా చిన్నప్పటినుంచీ మా పెరట్లోకి పీతలు తెచ్చేది. గడప తొక్కి ఎరగదు. దాహమంటే అమ్మ ఎత్తునుంచి దోసిట్లోకి నీళ్ళు పోసేది. అందులో తప్పేముందని మాలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు బుట్ట కింద పెట్టి, "పెద్దమ్మ లేవడంలేదంట గదా" అంటూ తిన్నగా లోపలికి రాబోయింది.

నేను అడ్డం నిలబడ్డాను. "మాకు దురాయి పడింది, తెలీదా నీకు? పో, నీ పని చూసుకో."

"దురాయి ఊరికి గదమ్మా" అంది ఆమె, కొంచెం కూడా కోపం లేకుండా. "మమ్మల్ని ఊర్లో ఎప్పుడు లెక్కేసినారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ జాలి పడేవాళ్ళం మేమే కదా. పాత చీరలు ఇచ్చిన చెయ్యి మాది. ఇప్పుడు ఈమె మమ్మల్ని చూసి జాలిపడటం ఊరు వేసిన శిక్షకంటే ఎక్కువ అనిపించింది. పైగా ఆ కాలనీలో వాళ్ళందరూ రేకుల షెడ్డు చర్చికి పోతారు. నన్ను దాటుకుని లోపలికి పోయి అవ్వ పక్కన కూర్చుంది ఆమె. అవ్వను మతంలో కలిపేసుకోవడానికి వచ్చిందని ఖాయం చేసుకుని, తలుపు పక్కనే కూర్చుని కాపలా కాశాను.

ఆమె మతం ఊసే ఎత్తలేదు. కోడలి సోమరితనం, మొగుడి తాగుడు, రొయ్యల గుంటల నీళ్ళు కాలవలో కలిసి పీతలు పలచబడటం, ఇవీ ఆమె మాటలు. రోజూ మధ్యాహ్నం వచ్చి గంట కూర్చునేది. మూడోరోజు అవ్వ గోడవైపునుంచి ఇటు తిరిగింది. ఐదోరోజు అవ్వ కూడా ఆమెతో కలిసి ఆమె మొగుణ్ణి తిట్టింది. ఆ పూట పీతల పులుసుతో కడుపునిండా తిన్నది.

"నిన్ను ఎవురు పంపినారమ్మే?" అని ఒకరోజు అవ్వే అడిగింది.

"ఎవురూ పంపలా. ఏసయ్య కుష్టోళ్ళ దగ్గిరికి పోయినాడు గదా, నేను ఈడికి రాలేనా అనుకున్నా. పదిమందికి నయం చేస్తే దండం పెట్టేదానికి ఒకడే తిరిగొచ్చినాడంట. వాడు కూడా బయటోడంట."

అవ్వ పడీపడీ నవ్వింది. "మిగతా తొమ్మిదిమందీ మా పాళెపోళ్ళే అయ్యుంటారు!"

నాకు నవ్వు రాలేదు.

రెండు నెలలకు నాయన పెద్దల ముందు సాష్టాంగపడి తప్పు ఒప్పుకున్నాడు. దురాయి ఎత్తేశారు. అదే సభలో ఇంకో మాట తెచ్చారు. కట్టడి ఉన్న ఇంటికి యానాదామె వచ్చిపోయింది, ఊరి మాట మంటగలిసింది, కాబట్టి ఇకనుంచి ఆమె పీతలు ఎవరూ కొనకూడదు, ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ఇన్నేళ్ళలో ఆమెను ఊరి లెక్కలోకి తీసుకోవడానికి మావాళ్ళకు దొరికిన సందర్భం అదొక్కటే. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు నాయన ఎత్తాడు. ఆడవాళ్ళ వరసలో నేనూ ఎత్తాను.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. "నువ్వు గూడా ఎత్తినావా?"

"అందురూ ఎత్తినారు గదవ్వా."

అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టింది తినేది, ఇచ్చింది కట్టుకునేది, అడిగితే మాత్రం పలికేది కాదు. ఊరు మాకు దురాయి ఎత్తేసిన రోజే అవ్వ వేసింది. పక్కింటామె నవ్వుకుంటూ వస్తే మొహం తిప్పుకుంది. రోజూ పొద్దు వాలే ముందు కర్ర పట్టుకుని కాలవ గట్టుకు పోయేది. అవతలి గట్టున పీతలామె కూర్చునేది. ఇద్దరూ నీళ్ళకు ఈవలా ఆవలా ఉండి, గొంతెత్తి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అవ్వ గొంతు వినడానికి నేను వెనకే పోయేదాన్ని. నా అడుగుల చప్పుడు వినబడగానే మాట ఆగిపోయేది. నాకు పీతలామె మీద అసూయగా ఉండేది. మా అవ్వను మాకు కాకుండా చేసిందని లోపల తిట్టుకునేదాన్ని.

ఎనిమిది నెలల తర్వాత అవ్వ కాళ్ళు వాచి మంచం పట్టింది. ఈసారి డాక్టరు గుండె అన్నాడు. నేను కాలవ దాటి కాలనీకి పోయాను. "అక్కా, అవ్వ లేవలేకుండా ఉంది, ఒకసారి రా" అన్నాను. ఆమెను అక్కా అనడం అదే మొదలు. పట్టపగలు ఊరి నడివీధిలో నా పక్కన నడిచి వచ్చింది. అందరూ చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను, నాకు అవ్వ గొంతు కావాలి.

ఆమె మంచం పట్టె మీద కూర్చుని అవ్వ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. నేను తలాపున నిలబడి ఏడుస్తున్నాను.

"బిడ్డ ఏడస్తా ఉంది, ఒక మాట మాట్లాడు పెద్దమ్మా" అని బతిమాలింది.

అవ్వ నావైపు చూడకుండానే చెప్పింది. "ముందు నీతో మాట్లాడమను. చెయ్యెత్తినందుకు నీకేం చెప్తాదో చెప్పమను. తర్వాత నేను మాట్లాడతా."

చెప్పాల్సింది ఎంత? రెండు మాటలు. అక్కా అని పిలుచుకొచ్చిందాన్ని, ఆమె ముందు తప్పయిందని అనలేకపోయాను. రేపు చెబుదాంలే అనుకుంటూ, మంచినీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి పోయాను.

రేపు చెప్పలేదు. ఎల్లుండి తెల్లవారేసరికి అవ్వ లేదు.

కర్మలన్నీ అయ్యాక కాలవ దాటి పోయి, ఆమె చేతులు పట్టుకుని చెప్పాను. "సరేలేమ్మా" అని వెంటనే అనేసింది ఆమె. అవ్వ ఉంటే అప్పుడు నాతో మాట్లాడి ఉండేది.